స్నానయోగ్యమైన నీరు

స్నానము మానవునకు నిత్యకృత్యము. మన దేశమున జనులు అనాదికాలమునుండి నదులలోను, చెఱువులలోను, సముద్రమునందును స్నానము చేయుచున్నారు. పుష్కరముల దినములలో గోదావరీ కృష్ణా తీరములందలి రేవులు జనముతో క్రిక్కిఱిసి యుండును. వేసవి వచ్చినంతనే పల్లెటూళ్ల బాలురు చెఱువులలో ఈదులాడుచు ప్రొద్దు పుచ్చుదురు. ఐరోపా ఖండమునందు వేసవి సెలవులలో లక్షలకొలది కుటుంబములు సముద్రతీరములకు తరలిపోవును. దేశములు వేఱైనను, నీటియందు మానవునకు గల ప్రీతి ఒక్కటియే.

అయితే మనము దిగుచున్న నీరు మేలు చేయునా, కీడు చేయునా అని ఆలోచించువారు కొందఱే. తేటగా నున్న నీరు మంచిదనియు, కలకగా నున్న నీరు చెడ్డదనియు సాధారణముగా తలచుచుందురు. ఈ తలంపు పూర్తిగా సరియైనది కాదు. వానకాలమున గోదావరి ఎఱ్ఱమట్టితో కలిసి ప్రవహించును. ఆ రంగును చూచి నీటిలో రోగకారకములు కలవనిగాని, లేవనిగాని చెప్పజాలము. అద్దమువలె తేటగా నున్న మడుగులోను కంటికి కానరాని రోగక్రిములు ఉండవచ్చును. కావున నీటి మంచిచెడ్డలను కన్నులతో తేల్చుట సాధ్యము కాదు, కొలిచి తెలిసికొనవలెను. ఆ కొలత యెట్లు ఏర్పడినదో, దానిని శాసనముగా చేసి అమలుజరుపుటకు జనులెంత శ్రమపడవలసివచ్చినదో ఈ పాఠమునందు తెలిసికొందము.

1883వ సంవత్సరమున రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలరా వ్యాధికి కారణమును వెదకుచు మొదట ఈజిప్టునకును, పిదప కలకత్తా నగరమునకును వచ్చెను. ఆ కాలమున కలకత్తాలోని అనేక పేటలకు చెఱువులే ఆధారములు. 1884వ సంవత్సరారంభమున అట్టి చెఱువొకదాని చుట్టుపట్ల కలరా వ్యాపించెను. జనులు ఆ చెఱువులోనే స్నానము చేయుచుండిరి. అందే బట్టలు ఉదుకుకొనుచుండిరి. ఆ నీటినే త్రాగుచుండిరి. కాక్ ఆ నీటిని తెచ్చి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. కలరా రోగుల ప్రేగులయందు తాను కనుగొనిన వంకర క్రిములే ఆ నీటిలోను అతనికి కనబడెను. రోగి దేహమునుండి వెడలిన మలినము నీటిలో కలియుటయు, ఆ నీటి మూలమున ఆరోగ్యవంతుల దేహమున ప్రవేశించుటయు దీనివలన తెల్లమయ్యెను.

స్నానము చేయువాడు నీటిని త్రాగడు గదా, అతనికి భయమేమి అని మీరడుగవచ్చును. మునిగినపుడును, ఈదినపుడును కొంత నీరు నోటిలోనికి పోవును. ముక్కులలోను, చెవులలోను, కన్నులలోను చేరును. చిన్నపిల్లలు నీటిలో ఆడుకొనుచు పెద్దలకంటె ఎక్కువగా మ్రింగుదురు. మురుగు కలిసిన నీటిలో స్నానము చేయుటవలన విరేచనములు, వాంతులు, కండ్లకలక, చెవిపోటు మున్నగు బాధలు కలుగవచ్చును. సన్నిపాతజ్వరము, కామెర్లు మొదలైన ఘోరవ్యాధులు కూడ ఇట్టి నీటివలన వ్యాపింపగలవు.

ఇక కొలతను గూర్చి చెప్పుకొందము. నీటిలో ఉండదగిన రోగక్రిములు అనేక విధములు. ఒక్కొక్కదానిని వేఱువేఱుగా వెదకుట మిక్కిలి కష్టము. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. కొండమీద పొగ కనబడినచో అచ్చట నిప్పు కలదని మనము ఊహింతుము గదా! అట్లే మురుగు కలిసిన జాడను తెలుపు సూక్ష్మజీవిని వెదకుట చాలునని వారు గ్రహించిరి. 1885వ సంవత్సరమున థియొడోర్ ఎషెరిక్ అను వైద్యుడు శిశువుల మలమునందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. దానికి తరువాత అతని పేరే వచ్చినది. దానిని నేడు ఇ. కోలి అని వ్యవహరించుచున్నారు. అది మనుష్యుల ప్రేగులయందును, పశువుల ప్రేగులయందును కోట్లకొలది నివసించును. వీనిలో చాలరకములు స్వయముగా హాని చేయవు. కాని ఇవి నీటిలో విశేషముగా కనబడినచో, ఆ నీటిలో మలము కలిసినదని అర్థము. మలము కలిసినచోట రోగక్రిములును ఉండవచ్చును. ఇ. కోలి పొగవంటిది, రోగక్రిమి నిప్పువంటిది.

పరీక్షకు నీటిని తీసికొనుటకు కూడ ఒక పద్ధతి కలదు. ఐరోపా దేశములలో పాటించు విధానము ప్రకారము, ఒక మీటరైనను లోతుగల చోట, నీటిమట్టమునకు 30 సెంటీమీటర్ల దిగువను, క్రిములు లేకుండ శుద్ధిచేసిన సీసాలో నీటిని పట్టవలెను. దానిని ఎండ తగులనీయక, చల్లని పెట్టెలో ఉంచి, త్వరగా ప్రయోగశాలకు చేర్పవలెను. అచ్చట ఆ నీటిని అతిసూక్ష్మరంధ్రములు గల పలుచని పొరగుండ వడగట్టుదురు. క్రిములు పొరపై నిలిచిపోవును. ఆ పొరను క్రిములకు ఆహారమైన పదార్థముపై ఉంచి, వెచ్చని పెట్టెలో సుమారు ఒక దినము ఉంచుదురు. అంతట ఒక్కొక్క క్రిమియు లక్షలుగా పెరిగి కంటికి కనబడు చుక్కగా మాఱును. ఆ చుక్కలను లెక్కించి, 100 మిల్లీలీటర్ల నీటిలో ఎన్ని క్రిములున్నవో చెప్పుదురు.

కొలత తెలిసినంతమాత్రమున నీరు శుభ్రపడదు. కొలతకు తోడు హద్దు కావలెను. హద్దు మీఱినవారిని ప్రశ్నించు శాసనము కావలెను. ఇంగ్లండు దేశమున జరిగిన కథ ఇందుకు మంచి నిదర్శనము.

ఇంగ్లండులో పూర్వము సముద్రతీర నగరములు తమ మురుగునీటిని గొట్టములగుండ ఒడ్డునకు దగ్గఱగనే సముద్రములోనికి వదలుచుండెడివి. సముద్రము అపారమైనది, ఉప్పునీరును ఎండయు మలినమును హరించునని అధికారులు చెప్పుచుండిరి. 1950వ దశాబ్దమున అచ్చటి దంపతుల కుమార్తె యొకతె సముద్రస్నానము చేసి వచ్చిన తరువాత పోలియో వ్యాధికి గుఱియై మరణించెను. మురుగు కలిసిన నీరే తమ బిడ్డను బలిగొన్నదని ఆ తల్లిదండ్రులు నమ్మిరి. వారు దుఃఖముతో ఊరకుండక, సముద్రతీర కాలుష్యమును ప్రతిఘటించుటకు ఒక సంఘమును స్థాపించిరి. ఏ తీరమున మురుగుగొట్టము కలదో, ఏ తీరము నిర్మలముగా నున్నదో విచారించి, మంచి తీరముల పట్టికను ప్రకటింపసాగిరి. దానికి బంగారు పట్టిక అని పేరిడిరి.

అయినను ప్రభుత్వము వెంటనే చలింపలేదు. 1959వ సంవత్సరమున ప్రభుత్వ ప్రయోగశాలల పక్షమున ఒక సంఘము నివేదిక ప్రకటించెను. చూచుటకే అసహ్యము కలుగునంత మలినమైన తీరములందు తప్ప, సముద్రస్నానమువలన ఆరోగ్యమునకు చెప్పదగిన అపాయము లేదని ఆ నివేదిక సారాంశము. ఈ అభిప్రాయము చాలకాలము నిలిచెను. నీటిని కంటితో చూచి తీర్పుచెప్పు పాతపద్ధతి పండితులనుకూడ విడువలేదని దీనివలన మనము గ్రహింపవచ్చును.

1975వ సంవత్సరము డిసెంబరు నెలలో ఐరోపా ఆర్థికసమాజము స్నానజలములను గూర్చి ఒక శాసనము చేసెను. మలసంబంధమైన కోలిఫారములు 100 మిల్లీలీటర్ల నీటిలో 2,000కు మించరాదనియు, 100కు లోపుగా నుండుట మేలనియు ఆ శాసనము హద్దు లేర్పఱచినది. సభ్యదేశములు పది సంవత్సరములలో తమ స్నానతీరములను ఈ హద్దులకు లోబఱుపవలెను.

ఇచ్చట ఒక చిత్రము జరిగెను. ఏయే తీరములు స్నానతీరములో నిర్ణయించు బాధ్యత ఆయా దేశములకే వదలబడెను. బ్రిటిష్ ప్రభుత్వము 1979లో తమ దేశమంతటికిని 27 తీరములను మాత్రమే పట్టికలో చేర్చినది. సముద్రమే లేని లక్సెంబర్గు అను చిన్న దేశము తన నదులలోను, సరస్సులలోను అంతకంటె ఎక్కువ స్థలములను చేర్చినది! ప్రతి వేసవియందును లక్షలమంది వచ్చి స్నానమాడు బ్లాక్‌పూల్ నగరతీరము బ్రిటిష్ పట్టికలో లేకపోయెను. పట్టికలో చేరని తీరమునకు హద్దులు లేవు. హద్దులు లేనిచోట తప్పును లేదు. పరీక్షకు పోని విద్యార్థి తాను తప్పలేదని చెప్పుకొనుట యెట్టిదో ఇదియు అట్టిదే.

ఈ మాట దేశమంతట నవ్వులపాలయ్యెను. 1987లో ప్రభుత్వము పట్టికను పెంచి, మున్నూఱుకు పైబడిన తీరములను చేర్చినది. అప్పటికిని కొన్ని తీరములు శుభ్రపడలేదు. ఐరోపా కమిషను ఈ విషయమున ఐరోపా న్యాయస్థానమున అభియోగము తెచ్చెను. బ్లాక్‌పూల్ తీరమును, దానికి దక్షిణముననున్న సౌత్‌పోర్టు, ఫార్మ్‌బీ తీరములను హద్దులకు లోబఱుపకపోవుట శాసనోల్లంఘనమని ఆ న్యాయస్థానము 1993 జూలై 14న తీర్పు చెప్పెను. ఒక గొప్ప రాజ్యము తన స్నానపురేవుల మాలిన్యమునకై న్యాయస్థానమున దోషిగా నిలువవలసివచ్చెను. నాడు తల్లిదండ్రులు ఇద్దఱు లేవనెత్తిన ప్రశ్నకు సుమారు ముప్పదియైదేండ్లకు ఇట్టి సమాధానము లభించినది.

2006వ సంవత్సరమున ఐరోపా సమాఖ్య పాత శాసనమునకు బదులు క్రొత్త శాసనమును చేసినది. దీని ప్రకారము స్నానజలములు నాలుగు తరగతులు: అత్యుత్తమము, మంచిది, చాలినది, హీనము. సముద్రతీరపు నీరు అత్యుత్తమ మనిపించుకొనవలెనన్న 100 మిల్లీలీటర్లలో ఇ. కోలి 250కిని, ఎంటరోకోకై అను మఱియొక సూచకజీవి 100కును మించరాదు. ఈ లెక్కలో సగటును చూడరు. సగటున మోకాలిలోతని నమ్మి ఏటిలో దిగినవాడు మడుగులో మునిగిపోవును గదా! నీరు తొమ్మిది దినములు బాగుండి పదవనాడు చెడినచో, పదవనాడు మునిగిన బాలునకు తొమ్మిది దినముల మంచితనము అక్కఱకు రాదు. అందుచేత సాధారణముగా నాలుగు సంవత్సరముల ఫలితములను తీసికొని, అత్యుత్తమ తరగతికి నూటికి తొంబదియైదువంతుల కొలతలు హద్దునకు లోబడియుండునట్లు గణింతురు. వరుసగా అయిదేండ్లు హీనమనిపించుకొన్నచోట స్నానమును శాశ్వతముగా నిషేధింపవలెను; లేదా స్నానము తగదని శాశ్వతముగా హెచ్చరింపవలెను. తరగతిని తెలుపు పలకను స్నానస్థలమునకు చేరువనే అందఱికి కనబడునట్లు నిలుపవలెను.

పరీక్షాఫలము తెలియుటకు ఒకటి రెండు దినములు పట్టునని పైన చెప్పితిమి. అంతలో స్నానము చేయువారు చేసి పోవుదురు. ఈ చిక్కును తీర్చుటకు ఆ శాసనము మఱియొక నియమము విధించినది. ప్రతి స్నానస్థలమునకును ఒక వివరణపత్రము వ్రాయవలెను. మురుగు ఎచ్చటినుండి వచ్చును, వానకు ఏ కాల్వ పొంగును, పశువుల దొడ్లు ఎంతదూరమున కలవు అను విషయములన్నియు అందుండవలెను. ఇట్లు కారణము తెలిసినచో, గొప్పవాన కురిసిననాడు ఫలితమునకై ఎదురుచూడక ముందుగనే హెచ్చరిక చేయవచ్చును.

వానకును స్నానజలమునకును గల సంబంధమును పారిస్ నగరమున చక్కగా చూడవచ్చును. ఆ నగరమున ప్రవహించు సేన్ నదిలో స్నానమును 1923లో నిషేధించిరి. పారిస్ నగరపు పాతభాగములలో ఇండ్లమురుగును వాననీరును ఒకే కాల్వలో పోవును. గొప్పవాన కురిసినపుడు కాల్వలు పట్టక మురుగు నదిలోనికి పొరలును. దీనిని మాన్పుటకు ఆస్టర్లిట్జ్ అనుచోట నేలక్రింద 50,000 ఘనమీటర్ల నీరు పట్టు గొప్ప తొట్టిని నిర్మించిరి. వాన వెలిసినపిదప ఆ నీటిని మెల్లగా శుద్ధికేంద్రమునకు పంపుదురు. నదిని బాగుచేయుటకు మొత్తముమీద సుమారు 140 కోట్ల యూరోలు వ్యయమయ్యెను. 2024 ఒలింపిక్ క్రీడలలో వానలకు నీరు చెడుటచే ఒక పోటీని ఒకనాడు వాయిదా వేయవలసివచ్చెను. అయినను 2025 జూలైలో, నూఱేండ్లకు పైబడిన పిదప, ప్రజలు సేన్ నదిలో మూడుచోట్ల స్నానమునకు దిగిరి. వాన కురిసి నీరు చెడిననాడు స్నానస్థలములను మూసివేసిరి. మూయగలుగుటకూడ సుపరిపాలనకు లక్షణమే.

ఇక మన దేశమును గూర్చి ఆలోచింతము. నీటిలో మలమూత్రములు విడువరాదనియు, ఉమ్మివేయరాదనియు మన ప్రాచీన ధర్మశాస్త్రములు విధించినవి. ఆధునిక కాలమున, 1974లో, భారత పార్లమెంటు జలకాలుష్య నివారణ శాసనమును చేసినది. దాని ననుసరించి కేంద్రమునందును, రాష్ట్రములందును కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడినవి. 2000వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము స్నానజలములకు ప్రమాణములను ప్రకటించినది. వాని ప్రకారము మలసంబంధమైన కోలిఫారములు 100 మిల్లీలీటర్లలో 500 లోపుగా నుండుట కోరదగినది. 2,500కు ఎంతమాత్రమును మించరాదు. లీటరు నీటిలో కరగియున్న ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నీటిలోని మలినమును కుళ్లజేయుటకు సూక్ష్మజీవులు కోరు ప్రాణవాయువు లీటరునకు 3 మిల్లీగ్రాములకు మించరాదు. మలినము పెరిగినకొలది సూక్ష్మజీవులు ప్రాణవాయువును హరించును. అంతట చేపలకు ఊపిరాడదు. కావున స్నానమునకు తగిన నీరు చేపలకును మేలైనదే.

ప్రమాణములు ఏర్పడినవి, కాని పని ఇంకను మిక్కిలిగా కలదు. 2020-21వ సంవత్సరపు కేంద్ర మండలి లెక్క ప్రకారము మన పట్టణములలో దినమునకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు పుట్టుచుండెను. అందు నిజముగా శుద్ధియైనది సుమారు 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. తక్కినది ఏమైనట్లు? కాల్వలు ఏళ్లలోనికిని, ఏళ్లు నదులలోనికిని, నదులు సముద్రములోనికిని పాఱును గదా! రేవునొద్ద మెట్లు కట్టుట, దీపములు వెలిగించుట సులభము. ఎగువనున్న పట్టణపు మురుగును శుద్ధిచేయుట కష్టము. కాని స్నానము చేయువానిని కాపాడునది ఆ రెండవ పనియే.

మన తీరమునందును మంచి ఉదాహరణము లేకపోలేదు. విశాఖపట్టణమునకు చేరువనున్న ఋషికొండ సముద్రతీరము 2020లో బ్లూఫ్లాగ్ అను అంతర్జాతీయ గుర్తింపును పొందెను. ఈ గుర్తింపునకు నీటి శుభ్రతయు, తీరపు శుభ్రతయు, స్నానము చేయువారి రక్షణయు ముఖ్యములు. ఇది ఒకమాఱు వచ్చి శాశ్వతముగా నిలుచు బిరుదము కాదు. ఎప్పటికప్పుడు మరల అర్హత చూపవలెను. శుభ్రత ఒకనాటి ఉత్సవము కాదు, నిత్యవ్రతము అని దీనివలన తెలియుచున్నది.

కొందఱు, నదులు పావనములు, వానికి మాలిన్యమెట్లు అంటును అని పలుకుదురు. పావనత్వము వేఱు, శుభ్రత వేఱు. తల్లిని దైవముగా కొలుచు కుమారుడు ఆమెకు జబ్బుచేసినపుడు వైద్యుని పిలువక మానడు. 2015లో గోదావరికిని, 2016లో కృష్ణకును పుష్కరములు జరిగినపుడు లక్షలకొలది జనులు ఆ నదులలో మునిగిరి. ఆ నీరు నిర్మలముగా నుండవలెనని కోరుట భక్తికి లోపము కాదు, అదియే భక్తి.

బాలురారా, బాలికలారా! ఈ విషయమున మీరు చేయదగినదియు కలదు. ప్రవాహములయొద్ద మలవిసర్జనము చేయకుడు. స్నానఘట్టములలో సబ్బునురుగును, ప్లాస్టిక్ సంచులను, ఎంగిలాకులను విడువకుడు. గొప్పవాన కురిసిన వెంటనే పట్టణపు దిగువనున్న నీటిలో ఈదకుడు. దేహమున పుండు ఉన్నపుడుగాని, విరేచనములు అగుచున్నపుడుగాని పదిమందితో కలిసి నీట దిగకుడు; అది మీకును కీడు, ఇతరులకును కీడు. అన్నింటికంటె ముఖ్యముగా, మీ ఊరి చెఱువునుగాని ఏటినిగాని చూచినపుడు, ఈ నీటిని ఎవరు పరీక్షించుచున్నారు, ఫలితము ఏమి, దానిని ఎచ్చట వ్రాసియుంచిరి అని పెద్దలను అడుగుడు. బంగారు పట్టిక ఇట్టి ప్రశ్నతోనే మొదలైనది. కొలువని నీటిని ఎవరును శుభ్రపఱుపరు. కొలిచి దాచినచో కొలిచిన ఫలము దక్కదు. కొలిచి, నిజము చెప్పి, దోషమును సవరించినపుడే నీరు స్నానయోగ్యమగును.

ప్రశ్నలు

1. నీటి మంచిచెడ్డలను కంటితో తేల్చుట ఏల సాధ్యము కాదు?
2. ఇ. కోలిని పొగతో పోల్చుటలోని భావమేమి?
3. బ్రిటిష్ ప్రభుత్వము 1979లో 27 తీరములను మాత్రమే పట్టికలో చేర్చుటవలన కలిగిన ఫలితమేమి?
4. స్నానజలములను వర్గీకరించునపుడు సగటు లెక్క ఏల చాలదు?
5. మన దేశమున 2000వ సంవత్సరమున ఏర్పఱచిన ప్రమాణములను వ్రాయుడు.
6. మీ గ్రామములోనిగాని పట్టణములోనిగాని ఒక జలాశయమునకు వివరణపత్రము వ్రాయుడు.